మా బాక్సుల మీద మోగిన 2024

ధనుర్మాసం పెట్టారంటే మా మైకు సెట్టు బాక్సులకి సెలవు. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. రామాలయం మీదున్న రెండు హారన్లు మాత్రం తెల్లారగట్ల తిరుప్పావై వినిపిస్తుంటాయి. దానికి నేను లేవక్కర్లేదు, పూజారి గారే స్విచ్ వేసుకుంటారు. మిగతా సామానంతా షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. బాక్సుల ముందున్న జాలీలు విప్పి, ఏడాదంతా లోపల చేరిన అక్షింతలు, చెమ్కీ ముక్కలు, ఎండిపోయిన బంతి రేకలు దులిపి, తెగిన వైర్లకి టంకం పెట్టుకునే రోజులివి. చేతులకి పనుంది కానీ బుర్ర ఖాళీ. అందుకే ఈ 2024 డిసెంబరులో, ఈ ఏడాది పాటల మీద నా రివ్యూ నేను రాసేద్దామని కూర్చున్నాను.

మాది మండపేట దగ్గర ఊరు. మైకు సెట్టు అద్దెకిస్తాం. నాన్న రెండు హారన్లు, ఒక ఆహుజా యాంప్లిఫయరుతో మొదలెట్టారు. ఇప్పుడు దరువుకి రెండు బేస్ బాక్సులు, గొంతులూ గజ్జెలూ పలికే నాలుగు టాపులు, పన్నెండు ఛానెళ్ల మిక్సరు, ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. నాన్న రోజుల్లో క్యాసెట్ల పెట్టె ఉండేది, నాకు పెన్ డ్రైవ్ ఉంది. అందులో ఫోల్డర్లు నాలుగు: గుడి, ఊరేగింపు, భోజనాలు, పాతవి.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వినేవాళ్ల లెక్క వేరు, నా లెక్క వేరు. నేను ఒక్కో పాటని ఏడాదిలో వంద సార్లు, రెండొందల సార్లు, నాకు ఇష్టమున్నా లేకపోయినా వినాలి. వింటూ జనం మొహాలు కూడా చూడాలి. అలా చూసీ చూసీ నాకో కొలత దొరికింది. సౌండు పెంచితే ఏ పాటైనా బానే ఉంటుంది. పద్దెనిమిది అంగుళాల స్పీకరు గుండె మీద గుద్దుతుంటే ఏ పాటకైనా కాలు కదులుతుంది. ఇప్పుడు సౌండు మూడో వంతుకి దించండి. పక్క మనిషితో మాట్లాడుకునేంతకి దించండి. అప్పుడు కూడా ఎవడో ఒకడు మాట ఆపి చెవి అటు పెట్టాడంటే అది పాట. ఈ ఏడాది పాటలన్నిటినీ ఈ కొలతతోనే కొలిచాను.

ముందు 'కుర్చీ మడతపెట్టి' సంగతి తేల్చేయాలి, లేకపోతే అది ఊరుకోదు. 'గుంటూరు కారం' జనవరి 12న వచ్చింది. పాట అంతకు ముందే, పాత ఏడాది ఆఖర్లోనే బయటికొచ్చేసింది. యూట్యూబులో ఒక పెద్దాయన నోటి నుంచి పడిన మాటని పట్టుకుని రామజోగయ్యశాస్త్రి గారు పాట కట్టారు, తమన్ దరువు వేశారు, సాహితి చాగంటి, శ్రీకృష్ణ పాడారు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా ఈ పాట లేకుండా మా బండి వీధి చివర మలుపు తిరగలేదు. చిన్న పిల్లలు, వాళ్ల నాయనమ్మలు, ఆఖరికి పెళ్లికొడుకు తరఫు మోతుబరి కూడా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నెత్తి మీదకెత్తి గెంతడమే. షామియానా వాళ్లకి ఈ ఏడాది కుర్చీలెన్ని విరిగాయో వాళ్లనే అడగాలి.

ఊరేగింపుకి పదికి పది. కానీ ఒక్క మాట చెప్పాలి. ఈ పాట పెడితే నా మిక్సరు మీద సౌండు హద్దు దాటిందని చెప్పే ఎర్ర లైటు ఆరదు. పాత పాటల్లో సౌండు లేస్తుంది, పడుతుంది. పల్లవిలో నెమ్మదిగా ఉండి చరణం చివర పైకెళుతుంది. ఇప్పటి పాటల్ని తయారు చేసేటప్పుడే మొదటి నుంచి చివరి దాకా ఒకే మట్టానికి బిగించేస్తున్నారు. ఫోన్లో గట్టిగా వినపడాలని అలా చేస్తారు. ఫోన్లో బానే ఉంటుంది. బాక్సుల్లో మాత్రం స్పీకరుకి ఊపిరి తీసుకునే సందుండదు. నేనేమో జనం "పెంచు పెంచు" అంటే పెంచాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి మూడోసారి వన్స్ మోర్ పెట్టినప్పుడు కాలిన వార్నిష్ వాసనొచ్చింది. బేస్ స్పీకరు కాయిల్ పోయింది. తప్పు పాటది కాదు, నాదే. రాజమండ్రి తీసుకెళ్లి కాయిల్ చుట్టించి కోన్ మార్పించేసరికి ఆ పెళ్లి మీద మిగిలింది పోయింది. అప్పటి నుంచి 'కుర్చీ' పెట్టే ముందు గెయిన్ రెండు గీతలు వెనక్కి తిప్పుతాను. సౌండు దించితే ఈ పాటలో దరువు తప్ప ఇంకేం మిగలదు. మిగలక్కర్లేదు కూడా, దాని పని అది చేసింది.

జనవరి 22న అయోధ్య ప్రాణప్రతిష్ఠ. ఆ రోజు మా ఊళ్లోనే మూడు చోట్లకి సెట్టు కావాలన్నారు. కొత్త పాటేదీ అడగలేదు ఎవరూ. 'శ్రీరామదాసు' పాటలు పొద్దున్నుంచి రాత్రి దాకా. ఆ సినిమా 2006లో వచ్చింది, ఇంకా రిటైర్ కాలేదు.

ఫిబ్రవరి 2న 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' వచ్చింది. అంబాజీపేట మాకు దూరమేం కాదు. సుహాస్ అందులో బ్యాండు కొట్టే కుర్రాడు. పెళ్లిలో ముందు బ్యాండు, వెనక మా బండి నడుస్తాయి కాబట్టి వాళ్లూ మేమూ ఒక రకంగా చుట్టాలం. ఇద్దరం ఒకేసారి వాయిస్తే గొడవ పడే చుట్టాలం. శేఖర్ చంద్ర చేసిన 'గుమ్మా' పాట నాకు బాగా నచ్చింది. భోజనాల ఫోల్డర్లో వేశాను. అడిగినవాళ్లు తక్కువ. కానీ ఒక పెళ్లిలో క్లారినెట్ వాయించే పెద్దాయన టిఫిను తింటూ దాన్ని విని, చెయ్యి కడుక్కుని వచ్చి, అదే వరస తన క్లారినెట్ మీద పలికించి చూసుకున్నారు. రెండో ప్రయత్నానికే దొరికిపోయింది. నా ఫోల్డర్లో ఎన్ని పాటలుంటే ఏం లాభం, ఆయనకి ఊపిరి ఉంటే చాలు.

మార్చిలో 'టిల్లు స్క్వేర్'. 'టికెట్టే కొనకుండా' అంతకు ముందు ఏడాదే విన్నాం, సినిమా వచ్చాక రెండో జన్మ ఎత్తింది. కాసర్ల శ్యామ్ రాసిన మాటల్లో వెటకారం ఉంది, రామ్ మిరియాల గొంతులో ఇంకాస్త ఉంది. పెళ్లికొడుకు స్నేహితులు ఈ పాట అడిగారంటే వాడి పాత సంగతులేవో వాళ్లకి తెలుసని అర్థం. ఆ నెలాఖర్లోనే, రామ్ చరణ్ పుట్టినరోజుకి, 'గేమ్ ఛేంజర్' నుంచి 'జరగండి' వదిలారు. పాటగా నాకు పెద్దగా ఎక్కలేదు. పనిముట్టుగా మాత్రం దీన్ని మించింది లేదు. ఇరుకు సందులో బండికి దారి ఇవ్వకుండా గెంతుతున్న కుర్రాళ్ల మీదకి ఇది వదిలితే నవ్వుకుంటూ వాళ్లే పక్కకి తప్పుకుంటారు. హారన్ కొట్టే పని లేదు.

మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ తరవాత రెండు నెలలు పాటల సంగతి నన్నడక్కండి. ఆటోకి రెండు హారన్లు కట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా అవే నాలుగు పార్టీ పాటలు. సినిమా వరసలకే మాటలు మార్చినవి చాలా. పోలింగు మే 13న అయిపోయింది. పాట పూర్తిగా వినకుండా మాట మాత్రమే వినడం అలవాటైపోయి, మా చిన్నాడు అన్నం తింటూ కూడా అభ్యర్థి గుర్తు పాడుకునేవాడు. ఒక రకంగా ఎన్నికలే మమ్మల్ని బతికించాయి. ఏప్రిల్ ఆఖరు నుంచి శుక్ర మూఢం, మధ్యలో గురు మూఢం, అది వదిలేసరికి ఆషాఢం. ముహూర్తాల్లేక క్యాటరింగు వాళ్లు, పూల డెకరేషన్ వాళ్లు ఊరికే కూర్చున్నారు.

ఆ ఖాళీలోనే, మే చివర్లో, 'సూసేకి' వచ్చింది. 'పుష్ప 2' సినిమాకి ఇంకా ఆర్నెల్లు ఉంది. షెడ్డులో టెస్టింగ్ స్పీకరు మీద మొదటిసారి విన్నాను. నిజం చెప్పాలంటే మొదటిసారి పెద్దగా పట్టించుకోలేదు. వరస చిన్నది, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. నాలుగో రోజు సోల్డరింగు చేస్తూ చేస్తూ నేనే పాడుకుంటున్నానని మా ఆవిడ చెప్తే తెలిసింది.

అసలు 'సూసేకి' అంటే ఏంటో మా వైపు సగం మందికి తెలీదు. మేం చూడ్డానికి అంటాం. మా హైస్కూల్లో కదిరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన టీచరు గారు చెప్పారు: "మా దిక్కు అంతేనండి. సూసేకి, తినేకి, పోయేకి." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఊరు వదిలొచ్చి ఏళ్లయిన మనిషికి ఇంటి మాట బాక్సులో వినపడింది కదా. రాసింది చంద్రబోస్ గారు. ఆయనది ఓరుగల్లు వైపు చల్లగరిగె. పాడింది శ్రేయా ఘోషల్, ఆవిడ బెంగాలీ. వరస కట్టిన దేవిశ్రీ ప్రసాద్ మా గోదావరి జిల్లా మూలాలున్నవాడు. అంతా కలిసి చిత్తూరు యాసలో ఒక భార్య తన మొగుడి గురించి చెప్పే పాట చేస్తే, అది మా కోనసీమ పెళ్లిళ్లలో మోగింది. శ్రేయా ఈ పాటని తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ ఆరింటిలోనూ తనే పాడింది. మిగతా ఐదింటి సంగతి నాకెందుకు, తెలుగులో మాత్రం 'సామి' అన్న చోట ఆవిడ గొంతులో గర్వమూ ముద్దూ ఒకేసారి పలుకుతాయి. బాక్సుల్లో టాపు ఒక్కటే ఆన్ చేసి, బేసు కట్టేసి విని చూడండి, తెలుస్తుంది.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక ఈ పాట ఆడవాళ్ల పాటైపోయింది. మంగళస్నానాల రోజుని ఇప్పుడు హల్దీ అంటున్నారు కదా, అక్కడ పెళ్లికూతురి పిన్నులు, మేనత్తలు నాలుగు రోజులు ఫోన్లో చూసి నేర్చుకున్న స్టెప్పులు ఈ పాటకే వేస్తారు. ఒకావిడ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, గమనించండి. ఆవిడ కోసమే నేను పాట మళ్లీ మొదటి నుంచి పెడతాను.

ఆగస్టు 5న శ్రావణం మొదలైంది. అదే రోజు 'దేవర' నుంచి 'చుట్టమల్లే' వచ్చింది. అనిరుధ్ వరస, శిల్పారావు గొంతు, మళ్లీ రామజోగయ్యశాస్త్రి గారి మాటలు. మొదటి రెండు పెళ్లిళ్లలో కుర్రాళ్లు అడిగితే పెట్టాను, అంతే. మూడో పెళ్లిలో దాని కిటుకు తెలిసింది.

అది రామచంద్రపురం అవతల ఒక పల్లె. ఊరేగింపు చెరువు గట్టు మీదకి వచ్చింది. టైము తొమ్మిదిన్నర దాటింది. పదికి కట్టేయాలి, లేకపోతే పోలీసులొస్తారు. పాట నడుస్తోంది. పల్లవిలో ఒక చోట "ఆ" అని ఒక్క అరుపు ఉంటుంది. అక్కడ జనం కూడా అరుస్తున్నారు కానీ బాక్సుల హోరులో వాళ్లకే వినపడటం లేదు. నాకేదో తోచి, ఆ అరుపు వచ్చే ముందు మొత్తం సౌండుని పెంచి తగ్గించే మాస్టరు ఫేడరు మీద వేలు పెట్టి కిందకి లాగేశాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి రెండొందల మంది "ఆ" అన్నారు. చెరువు అవతల కొబ్బరితోట నుంచి తిరిగి వినపడింది. వెంటనే ఫేడరు పైకి తోశాను. జనం మొహాలు చూడాలి. వాళ్ల గొంతు వాళ్లే మొదటిసారి విన్నట్టున్నారు. తరవాత ప్రతి "ఆ"కీ ఇదే. పల్లకీ పట్టుకున్న వాళ్లు అరిచారు, కారులో పెళ్లికూతురు పక్కన నిద్రపోతున్న తోడిపెళ్లికూతురు లేచి అరిచింది, పెట్రోమాక్సు లైటు లాంటి ఎల్‌ఈడీ చెట్టు నెత్తి మీద మోస్తున్న ఆడమనిషి కూడా నవ్వుతూ నోరు తెరిచింది. ఆవిడ అరిచిందో లేదో నాకు వినపడలేదు.

ఆ తరవాత ఈ పాట ఎక్కడ పెట్టినా నా వేలు ఫేడరు మీదే. కొందరు డీజే కుర్రాళ్లు దీన్ని రీమిక్సు చేసి ఆ అరుపుని ఎనిమిది సార్లు పెట్టారు. ఎందుకు నాయనా! ఒక్కసారి అరవడంలో ఉన్నది ఎనిమిది సార్లలో ఉంటుందా?

ఇక్కడ ఒక సర్వీసు గురించి కూడా చెప్పాలి. పేరెందుకులెండి, ఫోన్లో పాటలు వినిపించే ఒక యాప్. అదే శ్రావణంలో ఒక పెళ్లిలో పెన్ డ్రైవ్ మొండికేసింది. తీసి గుడ్డతో తుడిచి పెట్టినా ప్లేయరు చదవట్లేదు. ఇటు మేనమామలు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తున్నారు. ఆ సమయానికి 'పెళ్లి పుస్తకం'లోని 'శ్రీరస్తు శుభమస్తు' మోగాలి. 1991 నుంచి మా జిల్లాలో దాదాపు ప్రతి పెళ్లికూతురూ ఆ పాట మీదే నడిచింది. టెన్షన్‌లో ఫోన్ని మిక్సరుకి తగిలించి యాప్‌లో ఆ పాట వెతికి నొక్కాను. బాలు గారు, సుశీలమ్మ గారు అందుకోవాల్సిన చోట ఒక కుర్రాడి గొంతు హుషారుగా, "మీ బంగారం మీద నిమిషాల్లో లోన్!" అంది. నాలుగు టాపుల్లో, ఫుల్ సౌండులో. ముందు నవ్వారు అందరూ. పెళ్లికూతురి నాన్నగారు నవ్వలేదు. ఆయన అప్పటికే ఆ పని చేసి ఉన్నారని రెండు రోజుల తరవాత డబ్బుల కోసం వెళ్లినప్పుడు తెలిసింది. ఆయన నన్నేమీ అనలేదు, ఇంకో వంద ఎక్కువే ఇచ్చారు. నాకే ఇబ్బందైంది.

ఆ రోజు నుంచి పెన్ డ్రైవులు రెండు పట్టుకెళుతున్నాను, పాటలు కొని దింపుకున్నవే. ఇంకో సంగతి. ఎక్కడ పడితే అక్కడ దొరికే, బాగా కుదించేసిన 128 కేబీపీఎస్ ఫైళ్లు ఫోన్లో బానే ఉన్నట్టుంటాయి, పెద్ద బాక్సులో తాళాలు, గజ్జెలు పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలాడతాయి. 320 అయితే ఆ బాధ లేదు. మైకు సెట్టు మాట్లాడుకునేటప్పుడు బాక్సులెన్ని అని అడుగుతారు గానీ ఈ మాట ఒక్కరూ అడగరు.

సెప్టెంబరు 7న వినాయక చవితి. తొమ్మిది రోజులూ కొత్త పాటకి చోటు లేదు. 'కూలీ నెం.1'లో 'దండాలయ్యా ఉండ్రాలయ్యా', 'జై చిరంజీవ'లో 'జై జై గణేశా', అంతే. రెండూ బాలు గారివే. నిమజ్జనం రోజు మాత్రం కుర్రాళ్లు ట్రాక్టరెక్కి 'దేవర' పాటలన్నీ అడిగారు. దేవుణ్ణి సాగనంపేటప్పుడు ఏ పాటైనా ఒకటే.

ఇక నా భోజనాల ఫోల్డరు. నాకు ఇష్టమైన గంట అదే. బఫే అయినా, బంతి భోజనాలైనా ఆ టైములో సౌండు మూడో వంతుకి దించేస్తాను. పనసపొట్టు కూర ఇంకాస్త వెయ్యమని అడిగితే వడ్డించేవాడికి వినపడాలి కదా. ఈ సౌండులో నిలబడే కొత్త పాటలు ఏడాదికి నాలుగైదు దొరికితే గొప్ప. ఈసారి రెండు ఒకే సంగీత దర్శకుడి నుంచి దొరికాయి. దీపావళికి, అక్టోబరు 31న, 'లక్కీ భాస్కర్', 'అమరన్' ఒకే రోజు విడుదలయ్యాయి. రెండిటికీ జి.వి. ప్రకాష్ కుమారే.

'లక్కీ భాస్కర్'లోని 'శ్రీమతి గారు' సినిమాకి నెలల ముందే వచ్చింది. అలిగిన భార్యని మొగుడు బతిమాలే పాట. శ్రీమణి రాశారు. పెళ్లాన్ని 'గారు' అని పిలవడంలోనే సగం పాటుంది. మామూలప్పుడు ఏమే, ఒసేయ్ అనేవాడు కూడా తప్పు చేశాక 'గారు' తగిలిస్తాడు. ఇది పెట్టినప్పుడు బంతిలో కూర్చున్న మగాళ్ల వైపు చూస్తుంటాను. యాభై దాటినవాళ్లు ఆకులోంచి తలెత్తరు గానీ, పెదాల చివర నవ్వుతుంటారు. కార్తీకంలో ఒక పెళ్లిలో ఒకాయన తిని లేచి, చెయ్యి కడుక్కుని, నా దగ్గరకొచ్చి నెమ్మదిగా, "అది ఇంకోసారి వేస్తారేంటండి, మా ఆవిడ రెండో బంతికి కూర్చుంటోంది" అన్నారు. వేశాను. ఆవిడ విన్నదీ లేనిదీ తెలీదు, పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది. ఆయన మాత్రం దూరంగా స్తంభానికి ఆనుకుని పాటంతా అయ్యేదాకా నిలబడ్డారు.

'అమరన్'లోని 'హే రంగులే' సంగతి వేరు. అది తమిళం నుంచి వచ్చింది, కానీ రామజోగయ్యశాస్త్రి గారి చేతిలో అరువు సొమ్ములా అనిపించదు. అనురాగ్ కులకర్ణి, రమ్య బెహరా పాడారు. ఇదైతే సౌండు తగ్గించిన కొద్దీ బాగుంటుంది. ఇద్దరూ నీ పక్కనే కూర్చుని వాళ్లలో వాళ్లు పాడుకుంటున్నట్టుంటుంది. ఊరేగింపులో ఎవరో కుర్రాడు దీన్ని అడిగితే పెట్టాను. గెంతుతున్న వాళ్లంతా ఆగిపోయి నీళ్ల ప్యాకెట్లు తాగారు. అక్కడ దాని తప్పేం లేదు, పూజగదిలో పెట్టాల్సిన దీపాన్ని జాతరలోకి తెచ్చింది నేనే.

డిసెంబరు 5న 'పుష్ప 2' వచ్చింది. 'కిస్సిక్', 'పీలింగ్స్' అని పిల్లలు ఒకటే గోల. 'పీలింగ్స్' మొదట్లో మలయాళం మాటలు వస్తాయి, అవి అర్థం కాకుండానే మా వీధి పిల్లలు తప్పు లేకుండా పాడేస్తున్నారు. రెండూ నాలుగైదు ఊరేగింపుల్లో మోగాయో లేదో ధనుర్మాసం వచ్చేసింది. వాటి సత్తా మాఘంలో తెలియాలి. నా అంచనా అడిగితే 'పీలింగ్స్' నిలబడుతుంది, 'కిస్సిక్' వేసవికి పాతబడుతుంది.

సరే, ఇదంతా జనం పాటల లెక్క. నాదంటూ ఈ ఏడాది ఒక్కటి చెప్పమంటే, ఇంకా విడుదల కాని సినిమాలోది చెప్పాలి.

డిసెంబరు మొదటి వారంలో 'సంక్రాంతికి వస్తున్నాం' నుంచి 'గోదారి గట్టు మీద' పాట వదిలారు. భీమ్స్ సంగీతం, భాస్కరభట్ల గారి మాటలు. గోదారి గట్టు మీద రామచిలకట. గట్టు పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి, నేను అక్కడ రామచిలకల్ని చూసింది తక్కువ, ఇసుక లారీల్ని చూసింది ఎక్కువ. అయినా సరే. ఆ రోజు షెడ్డులో ఒక టాపు జాలీ విప్పి, టెస్టింగు కోసం చిన్న స్పీకరు మీద, పిసరంత సౌండులో ఈ పాట పెట్టుకుని పని చేసుకుంటున్నాను.

నాన్నకి ఎడమ చెవి వినపడదు. ముప్పై ఏళ్లు హారన్ల పక్కన నిలబడితే ఎవరికైనా అంతే. కుడి చెవి కూడా సగమే. టీవీ వీధి చివరకి వినపడేలా పెట్టుకుంటారు. అలాంటి మనిషి వసారాలో మంచం మీంచి లేచి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఒరేయ్, ఈ గొంతు మన దగ్గరుండేది కదరా" అన్నారు.

పేరు గుర్తులేదు ఆయనకి. నేను చెప్పాను, రమణ గోగుల అని. చాలా ఏళ్లయింది ఆ గొంతు విని. 'ప్రేమంటే ఇదేరా', 'తమ్ముడు', 'బద్రి' రోజుల్లో మా క్యాసెట్ల పెట్టెలో పై వరస ఆయనదే. 'వయ్యారి భామా' పెడితే బరాతులో బండి కదిలేది కాదు. 1999లో నేను స్కూలు కుర్రాణ్ణి. నాన్న యాంప్లిఫయరు దగ్గర, నేను క్యాసెట్ తిప్పి పెట్టే పని. ముక్కులోంచీ గొంతులోంచీ ఒకేసారి వచ్చే ఆ బరువైన స్వరం అప్పట్లో మమ్మల్ని గెంతించే కుర్ర హీరోలది. ఇప్పుడు అదే స్వరం వెంకటేశ్ మీద, పెళ్లయి పిల్లలున్న మొగుడి పాత్రకి, పెళ్లాన్ని బుజ్జగిస్తూ వచ్చింది. మధుప్రియ జవాబు చెబుతుంటే ఇంకా బాగుంది. ఆ పిల్ల గొంతులో ఊరి మట్టి వాసన పోదు, పోకూడదు కూడా. వరస తేలికగా, నడుచుకుంటూ పాడుకునేంత వేగంలో ఉంది. కొత్తదనం ఏమన్నా ఉందా అంటే లేదు. నాకు కొత్తదనం అక్కర్లేదు ఆ క్షణంలో.

నాన్న అక్కడే ఖాళీ బాక్సు మీద కూర్చున్నారు. "ఇంకోసారి పెట్టు" అన్నారు. పెడుతూ సౌండు పెంచబోతే వద్దన్నారు. కుడి చెవి స్పీకరు వైపు తిప్పుకుని విన్నారు. పాట అయ్యాక అటక మీద క్యాసెట్ల పెట్టె ఉందా అనడిగారు. ఉంది, ప్లేయరే లేదు, ఎప్పుడో పాత ఇనప సామాన్లవాడికి వేసేశాను. ఆ మాట చెప్పలేదు. రేపు చూద్దాం అన్నాను.

సినిమా 2025 జనవరి 14న వస్తుందట. కనుమ నాడు సెట్టు కావాలని ఇప్పటికే ఇద్దరు ఫోను చేశారు, ఇద్దరూ ఈ పాటుందా అనే అడిగారు. ఏ ఫోల్డర్లో వెయ్యాలో తేల్చుకోలేకపోయాను. ఊరేగింపుకి దరువు చాలదు. భోజనాల్లో వేస్తే కుర్రాళ్లు విస్తళ్లు వదిలేసి లేస్తారు. ప్రస్తుతానికి రెండిట్లోనూ కాపీ చేసి పెట్టాను.